రెండిళ్ళ గుంట

గుంటూరు బ్రాడీపేటలో మేముండే వీధిలో వాన వెలిసిన మర్నాడు మునిసిపాలిటీ వాళ్ళు మురుక్కాలవల వెంట సున్నం చల్లుకుంటూ పోతారు. కోచింగు సెంటర్లకు పోయే పిల్లలు ముక్కులు మూసుకుని ఆ తెల్లగీత మీద కాలు పడకుండా దాటి ఆటోలెక్కుతారు. ఎదురుగా క్లినిక్కు బయట కూర్చున్న రోగులు కొంగులూ తువాళ్ళూ మొహాలకు అడ్డం పెట్టుకుంటారు. నేను మాత్రం గేటు దగ్గరే నిలబడి, ఆ తడిసిన సున్నం వాసన గాలికి చెదిరిపోయేదాకా లోపలికి రాను. ఆ వాసన తగిలితే అందరికీ కాలవలు గుర్తొస్తాయేమో, నాకు మాత్రం చేపలు గుర్తొస్తాయి. మంచు పట్టిన ఒక పొద్దున మా పెరటి గుంట ఒడ్డున ఇద్దరు ఆడవాళ్ళు చెరోవైపు నిలబడి నీళ్ళ మీద తెల్లటి సున్నపు జావ చల్లడం గుర్తొస్తుంది.

మా ఊరు గుంటూరు నల్లరేగడి అయిపోయి ప్రకాశం వైపు ఎర్రగరప మొదలయ్యే అంచున ఉంటుంది. ఊరికి తూర్పున చూపు ఆనినంత మేరా పత్తి, మిరప. ఎండకు నోళ్ళు తెరిచి, వానకు కాళ్ళు పట్టుకుని వదలని నల్లనేల అది. ఆ నేల మీద కట్టిన గోడలు బీటలిస్తాయని పెద్దవాళ్ళు ఇళ్ళన్నీ పడమటి పక్క ఎర్రనేల మీద కట్టుకున్నారు. అందుకని మా చిన్నతనమంతా రెండు రంగుల్లో గడిచింది. పొలానికి పోయొస్తే కాళ్ళు నల్లగా, వాకిట్లో ఆడుకుంటే గౌనంతా ఎర్రగా. చలికాలం వెళ్ళేసరికి మూడో రంగు వచ్చి కలిసేది. కల్లాల్లో ఎండబోసిన మిరపకాయల ఘాటు గాలిలో కొట్టుకొచ్చి, బళ్ళో ఒకళ్ళు తుమ్మితే బల్ల చివరిదాకా వరసగా అందరం తుమ్మేవాళ్ళం.

మేం దూదేకుల వాళ్ళం. మా నాన్న మనిషంత పొడుగు విల్లు భుజాన వేసుకుని సైకిలు మీద ఊళ్ళు తిరిగి, పరుపులకూ బొంతలకూ దూది ఏకేవాడు. సాయంత్రం ఇంటికొచ్చేసరికి ఆయన కనుబొమల మీద, చెవుల మీద, మీసం మీద తెల్లటి దూది పొట్టు అంటుకుని, పొద్దున పోయిన మనిషి ముసలివాడై తిరిగొచ్చినట్టుండేది. నాయనమ్మ ఆయన్ను వాకిట్లోనే ఆపి, తన తలగుడ్డతో దులిపి గానీ లోపలికి రానిచ్చేది కాదు. అమ్మ పేరు మస్తానమ్మ. ఆమెకు ఏ పనీ ఊరికే చెయ్యడం చేతకాదు. ముగ్గు కలిపినా, బొంత కుట్టినా, పచ్చడి నూరినా అందులో ఏదో ఒక కొత్త సంగతి ఉండాల్సిందే.

మా పక్కిల్లు మరియమ్మ టీచరుగారిది. ఊరి ప్రైమరీ బళ్ళో ఆవిడే మా అందరికీ అక్షరాలు దిద్దబెట్టారు. ఆవిడ కూతురు సుహాసినిదీ నాదీ ఒకే ఈడు, ఒకే పలక. మా రెండిళ్ళకూ మధ్య తాటాకు దడి ఉండేది గానీ, పెరట్లోకి వచ్చేసరికి దడి ఆగిపోయేది. ఎందుకంటే అక్కడ గుంట ఉండేది. రెండిళ్ళూ కట్టేటప్పుడు గోడలకు మట్టి సరిహద్దు మీదే తవ్వుకున్నారట. అలా తవ్వగా తవ్వగా సగం వాళ్ళ పెరట్లోకీ సగం మా పెరట్లోకీ వచ్చిన పెద్ద గుంట మిగిలింది. వానాకాలంలో రెండిళ్ళ చూరు నీళ్ళూ అందులోకే చేరి, ఎండలు ముదిరేదాకా నిలిచి ఉండేవి. ఒడ్డునున్న చింతచెట్టు ఏడాది పొడుగునా ఆకు రాల్చి ఆ నీళ్ళను తన సొంత వంటగిన్నె అనుకునేది. నేనూ సుహాసినీ చెరో ఒడ్డున కూర్చుని పెంకులు విసిరి, ఎవరి పెంకు ఎన్ని గెంతులేస్తే వాళ్ళదే గెలుపని అరుచుకునేవాళ్ళం. తూనీగలు నీటి మీద తోకలు ముంచుతుంటే, అవి తపాలా ముద్రలు కొడుతున్నాయని సుహాసిని చెప్పేది. నేను నమ్మేదాన్ని.

ఆ గుంటలో చేపలు వెయ్యాలన్న ఆలోచన అమ్మదే. రెండిళ్ళ మధ్యా గిన్నెలు ఎప్పుడూ నడుస్తుండేవి. రంజానుకు మా సేమ్యా దడి దాటితే, క్రిస్మసుకు వాళ్ళ అరిసెలూ జంతికలూ ఇటు వచ్చేవి. అయితే కూరల దగ్గర చిన్న పేచీ ఉండేది. కోడిని మసీదులో హజరత్తుగారు కోస్తే తప్ప మా నాయనమ్మ ముట్టేది కాదు. టీచరుగారికది తెలుసు కాబట్టి కోడికూర వండిన రోజు ఆవిడ పాపం మొహమాటపడుతూ ఉత్త గారెలు పంపేవారు. చేపకు ఆ బాధ లేదు. నీళ్ళలోంచి తీస్తే చాలు, ఎవరైనా తినొచ్చు, ఎవరింటి దాకలో ఉడికినా ఒకటే.

"మన గుంటలో మనమే పెంచుకుంటే ఒకే దాకలో వండుకోవచ్చు గదక్కా," అంది అమ్మ ఒక సాయంత్రం, దడి మీదుగా.

"పెంచితే ఎదుగుతయ్యా మస్తానమ్మా, ఈ నీళ్ళల్లో?"

"ఎదక్కేం, మనం ఎదగలా ఈ ఊళ్ళో?"

టీచరుగారు నవ్వారు. ఆ నవ్వుతో పని మొదలైంది.

తొలకరి వానలకు గుంట నిండగానే నాన్న ఎక్కడికో పోయి, గాలి నింపి మూతి బిగగట్టిన పాలితిన్ సంచిలో చేపపిల్లలు తెచ్చాడు. సైకిలు వెనక గోతాం పరిచి, దాని మీద తడిగుడ్డ చుట్టి, పసిపిల్లను తెచ్చినట్టు తెచ్చాడు. బొచ్చె, శీలావతి, బంగారుతీగ. మా చిటికెన వేలంత కూడా లేవు. సంచిని ముందు కాసేపు గుంటలో తేలేసి, లోపలి నీళ్ళూ బయటి నీళ్ళూ ఒక చల్లదనానికి వచ్చాక మూతి విప్పాడు. అవి ఒక్కసారిగా పోలేదు. సంచి నోటి దగ్గర నిలబడి, కొత్త ఇంటికొచ్చిన చుట్టాల్లా అటూ ఇటూ చూసి, ఒకటి కదిలాక మిగతావి దాని వెంట పోయాయి. రెండు ఒడ్ల మీదా కూర్చున్న మేమంతా ఊపిరి బిగబట్టి చూశాం.

ఆ రోజు నుంచీ గుంట మా ఇళ్ళల్లో ఒక మనిషయింది. అమ్మ తవుడూ వేరుశనగ చెక్కా కలిపి ఉండలు చేసి వేసేది. టీచరుగారు బడికి పోయేముందు చీర కుచ్చెళ్ళు ఎత్తిపట్టుకుని గుప్పెడు తవుడు చల్లి, చెయ్యి కొంగుకు తుడుచుకుంటూ పరుగున పోయేవారు. నాయనమ్మ ఒడ్డున రాయి మీద కూర్చుని, ఆకూ వక్కా నములుతూ, కొంగలు వాలకుండా కర్రతో అదిలిస్తూ ఉండేది. పేడ వేస్తే నీళ్ళు పచ్చబడతాయి, ఆ పచ్చదనమే చేపకు తిండి అని ఎవరో చెబితే పేడ కూడా కలిపి పోశారు.

నీళ్ళు పచ్చబడలేదు. వానాకాలం పోయి కార్తీకం వచ్చింది, చింతాకు రాలి రాలి అడుగున నల్లటి బురదై కూర్చుంది. నీళ్ళు ఎర్రమట్టి తేరుకోక, చింతాకు రసం దిగి, మరిగి మరిగి చిక్కబడ్డ టీ డికాషను రంగుకు తిరిగాయి. పోసిన పేడ నీళ్ళను పచ్చబరచకుండా కంపు కొట్టింది. నాయనమ్మ ఆ నీళ్ళలో చెయ్యి ముంచేది. మణికట్టు దాటకముందే ఆమె వెండి కడియం కనపడకుండా పోయేది. చేపల్ని బుట్టతో ఎత్తి చూస్తే తలకాయలే పెద్దగా ఉండి, ఒళ్ళు ఎండిన బెండకాయల్లా ఉండేవి.

"నీళ్ళు పులిసిపోయినయ్," అంది నాయనమ్మ. "పులిసిన పిండితో అట్టన్నా వేసుకోవచ్చు. నీళ్ళనేం చేస్తాం?"

పొద్దున్నే పోయి చూస్తే చేపలన్నీ పైకొచ్చి, నోళ్ళు నీళ్ళ బయటపెట్టి, గుటకలు మింగుతున్నట్టు గాలి తాగుతుండేవి. చూడ్డానికి అవి మాతో ఏదో చెబుతున్నట్టుండేది. నేనూ సుహాసినీ మొదట్లో అలాగే అనుకుని వాటికి బదులు చెప్పేవాళ్ళం. అది ఆటకాదనీ, వాటికి ఊపిరాడ్డం లేదనీ తెలిసిన రోజు ఇద్దరం బడిలో అన్నం తినలేదు.

అప్పుడొచ్చాడు మా నాగూరు మామయ్య. అమ్మకు తమ్ముడు, పిడుగురాళ్ళలో సున్నపురాయి తోలే లారీకి డ్రైవరు. మనిషి ఎప్పుడొచ్చినా జేబుల్లో జీళ్ళూ, ఒంటి మీద తెల్లటి దుమ్మూ తెచ్చేవాడు. గుంట చూసి, ఒక దోసెడు నీళ్ళు తీసి వాసన చూసి, పారబోశాడు.

"సముద్రం పక్క చెరువుల వాళ్ళు మా దగ్గర్నించి రాతిపిండి లారీలకు లారీలు తోలించుకుంటారక్కా. చెరువులో చల్లుతారు. నీళ్ళ పులుపు ఇరుగుద్దంట. మట్టి తేరుకుంటదంట. ఈసారొచ్చేటప్పుడు ఒక మూట పడేస్తాలే."

అన్నట్టే తెచ్చాడు. అరుగు మీద మూట దించి, అమ్మ మూతి విప్పుతుంటే, దడి అవతల బట్టలారేస్తున్న టీచరుగారు ఆ తెల్లటి పొడి చూశారు. ఆవిడ చేతిలో చీర తడితడిగానే కింద పడింది.

"ఏంది మస్తానమ్మా అది?"

"సున్నం అక్కా. గుంటకి."

"వద్దు. సున్నం వద్దు."

ఆవిడ అంత గట్టిగా మాట్లాడ్డం మేం బళ్ళో కూడా వినలేదు. మామయ్య నవ్వుతూ ఇది బట్టీలో కాల్చిన సున్నం కాదనీ, కాల్చని రాయిని పిండి కొట్టిందనీ, నీళ్ళు తగిలితే పొంగదనీ చెప్పాడు. చెప్పడమే కాదు, గిన్నెలో నీళ్ళు పోసి, అందులో గుప్పెడు పిండి వేసి, మోచేతి దాకా చెయ్యి పెట్టి కలిపి చూపించాడు. నీళ్ళు పాలలా తెల్లబడ్డాయి, అంతే. టీచరుగారు ఆ చేతినే చూస్తూ నిలబడ్డారు.

"చూశాన్లే నాగూరూ. అయినా వద్దు. పిల్లలు తిరిగే చోటు."

ఆవిడకు సున్నమంటే ఎందుకంత భయమో ఆ రోజు రాత్రి అన్నాల దగ్గర నాయనమ్మ చెబితే తెలిసింది. టీచరుగారి పుట్టింట్లో ఇల్లు కట్టేటప్పుడు సున్నం గోతిలో పోసి నీళ్ళు పెట్టారట. అది కుతకుత ఉడుకుతుంటే వింతగా చూడ్డానికి ఆవిడ తమ్ముడు గోతి అంచుకు పోయాడట. ఒక చుక్క చింది పిల్లవాడి కంట్లో పడింది. ఆ కన్ను మళ్ళీ రాలేదు. తమ్ముణ్ణి చూసుకోమని అక్క చేతికే అప్పజెప్పి తల్లి నీళ్ళకు పోయిందట.

ఇది తెలిశాక అమ్మ రెండు రోజులు ఆ మూట జోలికి పోలేదు. తర్వాత చేపలు మళ్ళీ పైకి తేలి గుటకలేస్తుంటే ఆమె మనసు ఆగలేదు. దడి దగ్గరికి పోయి మెల్లగా నచ్చజెప్పబోయింది. అవతల నుంచి ఒకే మాట. అమ్మకు కోపమొచ్చింది.

"చేపలు చస్తుంటే చూస్తా కూర్చోమంటారాండీ? గుంటలో సగం మాది కూడా గదా టీచరుగారూ."

అక్కా అనే పిలుపు పోయి టీచరుగారూ అయింది. వినే మాకు ఆ 'అండీ' చెంపదెబ్బలా తగిలింది. అవతల టీచరుగారు "సరేనండీ, మీ సగంలో చల్లుకోండి," అని లోపలికి వెళ్ళిపోయారు. నీళ్ళలో సగం ఎక్కడ మొదలవుతుందో ఎవరికి తెలుసు? మూట అరుగు మీద అలాగే ఉండిపోయింది.

ఆ తర్వాత గిన్నెలు నడవలేదు. అమ్మ పచ్చడి నూరినా దడి వైపు చూసి, గిన్నె సగం ఎత్తి, మళ్ళీ దించేది. నేనూ సుహాసినీ బళ్ళో మామూలుగానే ఉండేవాళ్ళం గానీ, ఇంటికొచ్చాక మాకూ ఏదో అడ్డొచ్చేది. రెండు రోజులు మబ్బు కమ్మి, ఎండ పొడ లేకుండా పోయిన తర్వాత ఒక పొద్దున గుంట నిండా తెల్లటి పొట్టలు తేలాయి. అన్నీ కాదు, కానీ చాలా. అమ్మ చేటతో మా వైపువి తీస్తుంటే, అవతల ఒడ్డున టీచరుగారు కూడా చీర ఎగ్గట్టుకుని దిగారు. ఇద్దరూ ఒకే గుంటలో మోకాళ్ళ లోతు నీళ్ళలో, ఒకరినొకరు చూసుకోకుండా, చచ్చిపోయిన చేపల్ని ఏరి ఎవరి బుట్టలో వాళ్ళు వేసుకున్నారు.

క్రిస్మసుకు నాలుగు రోజుల ముందు టీచరుగారింటి మీద కాగితపు నక్షత్రం వెలిగింది. ఆ ఇంటికి ఆవిడ తమ్ముడు రత్నంగారు వచ్చారు. ఒంగోలు దగ్గర ఒక బళ్ళో డ్రిల్లు మాస్టారు. పెద్ద గొంతు, పెద్ద నవ్వు, ఎడమ కంట్లో తెల్లటి పువ్వు. మా నాయనమ్మను 'పెద్దమ్మా' అని పిలిచి, ఆమె ఆకుల సంచిలోంచి అడక్కుండానే వక్క తీసుకునే చనువు ఆయనకొక్కడికే ఉండేది. సుహాసిని ఆయనకు అంతా చెప్పేసింది. మర్నాడు పొద్దున ఆయన తిన్నగా మా అరుగు మీదికొచ్చి కూర్చుని, "ఏది పెద్దమ్మా, ఆ సున్నం?" అన్నారు.

నాయనమ్మ మూట చూపించింది గానీ, విప్పడానికి చెయ్యి రాలేదు. ఆయనే విప్పారు. గుప్పెడు తీసి, వేళ్ళ మధ్య నలిపి, వాసన చూసి, నాలిక చివర పెట్టుకున్నారు. తర్వాత గట్టిగా పిలిచారు.

"అక్కా, ఒకసారి ఇట్రా."

"ఆ మూట దగ్గరికి నేను రాన్రా."

"నువ్వు రాకపోతే నేనే అక్కడికి తెస్తా."

గుప్పెడు పొడి అలాగే పట్టుకుని ఆయన గుంట ఒడ్డుకు నడిచారు. టీచరుగారు అవతలి ఒడ్డున వంటింటి గుమ్మంలో నిలబడ్డారు. అమ్మా, నేనూ చింతచెట్టు కింద ఉన్నాం. ఆయన కూర్చుని, చేతిలో పొడిని నీళ్ళలో పెట్టి గుప్పిట విప్పారు. తెల్లటి మబ్బు ఒకటి మెల్లగా విచ్చుకుని, కిందికి దిగిపోయింది.

"నా కంట్లో పడింది ఇది కాదక్కా. అది ఉడికే సున్నం. ఇది రాయి. నువ్వు నల్లబల్ల మీద రోజూ రాసే సుద్దకి చుట్టం."

టీచరుగారి గొంతు చిన్నపిల్లది లాగా వచ్చింది.

"నీ చెయ్యి వదిలేశాన్రా ఆ రోజు."

"నువ్వు వదల్లా. నేనే విదిలించుకుని పోయా. నాకు బాగా గుర్తు. ఇన్నేళ్ళూ నువ్వు అడగలా, నేను చెప్పలా."

ఆవిడ గుమ్మంలోనే కూర్చుండిపోయి, కొంగు మొహానికి అడ్డం పెట్టుకున్నారు. ఆయన లేచి ఒడ్డు చుట్టూ తిరిగిపోయి అక్క పక్కన కూర్చున్నారు. మా అమ్మ నా చెయ్యి పట్టుకుని లోపలికి తీసుకొచ్చేసింది, అది చూడాల్సింది కాదన్నట్టు. అంత చిన్న పిల్లవాడికి ఎవరు ఎవరి చెయ్యి వదిలారో నిజంగా గుర్తుంటుందా అని పెద్దయ్యాక నేను చాలాసార్లు అనుకున్నాను. ఆయన గుర్తున్నదే చెప్పారో, అక్క కోసం అలా గుర్తు తెచ్చుకున్నారో నాకు తెలియదు. ఏదైనా అది మంచి మాట.

మర్నాడు మంచు విడవకముందే గుంటకు సున్నం చల్లాం. నాన్న ముందే అడుగు బురద, కుళ్ళిన చింతాకు బుట్టలతో తోడి పడేశాడు. పెద్ద తొట్టిలో రాతిపిండి పోసి, నీళ్ళు కలిపి పలచటి జావలా చేశారు. మమ్మల్ని దూరంగా నిలబెట్టి, కళ్ళకు చేతులడ్డం పెట్టుకోమన్నారు. ఆ పొడితో భయం లేదని తేలినా, ఆ ఒక్క జాగ్రత్త మాత్రం టీచరుగారు వదల్లేదు. రత్నంగారు ప్యాంటు మోకాళ్ళ దాకా మడిచి, చిన్న చెంబుతో నీళ్ళ మీద విసిరి చల్లుతుంటే, ఎండ తగిలిన ఆ తెల్లటి జల్లు గాలిలో ఒక్క క్షణం ఆగి, రెండిళ్ళ సగాల మీదా ఒకేలా పడింది. అమ్మ ఇంకో చెంబుతో చల్లింది. కాసేపటికి అవతల ఒడ్డున టీచరుగారు తలకు తువాలు చుట్టుకుని, చేతిలో సత్తుపళ్ళెం పట్టుకుని నిలబడ్డారు. అమ్మ ఆవిడ వైపు చూసింది.

"గాలి ఇటు కొడతా ఉంది. నువ్వటునించి చల్లితే నీ మీద పడదక్కా."

"సరే మస్తానమ్మా," అన్నారు టీచరుగారు.

ఆ రోజు మధ్యాహ్నం మా ఇంటికి గిన్నెడు అరిసెలొచ్చాయి. పాకం కాస్త ముదిరి పళ్ళకు అంటుకున్నాయి. అంత బాగున్న అరిసెలు నేను మళ్ళీ తినలేదు.

రెండు మూడు రోజులు గుంట పాలు పోసినట్టు తెల్లగా ఉండి నాయనమ్మను భయపెట్టింది. ఆమె వచ్చి పోయేవాళ్ళందరినీ ఆపి, "చేపలున్నయ్యంటావా లోపల?" అని అడిగేది. తర్వాత ఆ తెలుపు అడుగుకు దిగడం మొదలైంది. దాంతోపాటే ఎన్నాళ్ళనుంచో తేరుకోని ఎర్రమట్టినీ కిందికి దింపింది. ఒకరోజు నాయనమ్మ చెయ్యి ముంచి, మోచేతి దాకా పోనిచ్చి, మమ్మల్ని పిలిచింది. ఆమె వేళ్ళు, వేళ్ళకున్న ఉంగరం, గోళ్ళకంటిన ఆకు సున్నం కూడా నీళ్ళలో కనిపిస్తున్నాయి. కొన్నాళ్ళాగి మళ్ళీ పేడ వేశారు. ఈసారి కంపు కొట్టలేదు. కల్లాలు మిరపకాయలతో ఎర్రబడే రోజులకు మా గుంట లేత పెసరకాయ రంగుకు తిరిగి, ఎండలో పచ్చగా మెరిసింది. చేపలు పొద్దున్నే పైకొచ్చి గుటకలెయ్యడం మానేశాయి. తవుడు చల్లినప్పుడు మాత్రం నీళ్ళు ఒక్కసారిగా ఉడికినట్టు పొంగి, వెండి వీపులు తిరిగేవి. బొచ్చెలు గెంతి పడితే ఆ చప్పుడుకు కోళ్ళు అరుస్తూ పరిగెత్తేవి. నేనూ సుహాసినీ వాటికి పేర్లు పెట్టుకున్నాం గానీ, ఏది ఏదో గుర్తుపట్టడం మా వల్ల కాలేదు.

ఎండలు ముదిరి నీళ్ళు మోకాలి దాకా దిగాక చేపలు పట్టాం. ఊళ్ళో వల లేదు. అమ్మా టీచరుగారూ పాత చీరలు రెండు కలిపి కుట్టి, ఆ కొస నలుగురూ ఈ కొస నలుగురూ పట్టుకుని, గుంట ఈ చివర నుంచి ఆ చివరకు ఈడ్చారు. చీర ఒడ్డు చేరేసరికి అందులో ఏదో బిడ్డ కాళ్ళు కొట్టుకుంటున్నట్టు బరువుగా కదిలింది. అన్నీ బయటపడ్డాక చూస్తే, డిసెంబరులో పోయినవి పోగా మిగిలినవే మాకు ఎత్తలేనన్ని ఉన్నాయి. పేటలో ఎవరో కొంటామని అడిగారు. అమ్మ టీచరుగారి వైపు చూసింది, టీచరుగారు అమ్మ వైపు చూశారు. చివరికి పేటలో ఇల్లిల్లూ తిరిగి, తలా ఒక చేప పంచొచ్చింది నేనూ సుహాసినీనే. కొందరు తిరిగి చిక్కుడుకాయలిచ్చారు, కొందరు మామిడికాయలిచ్చారు, ఒక ముసలావిడ మా ఇద్దరి నెత్తినా చెయ్యి పెట్టింది.

మిగిలినవి ఆ సాయంత్రం చింతచెట్టు కింద పెద్ద దాకలో పులుసు పెట్టారు. పుల్లమామిడి ముక్కలు నాయనమ్మవి, కారం కొత్తది, ఆ రోజే మిరపకాయలు దంచి తీసిన కారం. నూనె పైకి తేలి ఎర్రగా మెరుస్తుంటే, ఆ ఘాటుకు అందరి కళ్ళల్లోనూ నీళ్ళు. మా నాన్న దూది పొట్టు దులుపుకోకుండానే కూర్చుంటే నాయనమ్మ కూడా ఏమీ అనలేదు. రత్నంగారు సెలవులకొచ్చి ఉన్నారు, ముల్లు తీసి తీసి నాకూ సుహాసినికీ ముద్దలు పెట్టారు. టీచరుగారు తన పళ్ళెంలోంచి ఒక తల తీసి అమ్మ పళ్ళెంలో వేశారు. అమ్మకు తలంటే ఇష్టమని ఆవిడకు తెలుసు. నాయనమ్మ ఆ దాకలోంచే రెండోసారి పెట్టించుకుంది.

ఆ తర్వాత చాలా ఏళ్ళు, తొలకరికి గుంట నిండే ముందు మామయ్య ఒక మూట రాతిపిండి తెచ్చి పడెయ్యడం, రెండిళ్ళవాళ్ళూ కలిసి చల్లడం ఒక పండగ లాగా నడిచింది. నేను ఇంటర్మీడియేటుకు వచ్చేదాకా ఆ గుంట ఉంది. ఆ తర్వాత పేటలో పక్కా ఇళ్ళు లేచాయి. చూరు నీళ్ళన్నీ సిమెంటు కాలవల్లోకి పోవడంతో గుంట నిండడం మానేసింది. వెనక వీధికి దారి లేక జనం అవస్థ పడుతుంటే, మా రెండిళ్ళూ కలిసి ఆ పెరటి జాగా రోడ్డుకు వదిలేశాయి. మట్టి పోసి పూడ్చి, సిమెంటు రోడ్డు వేశారు. చింతచెట్టు అప్పుడే పోయింది. పరుపులకు ఫోము వచ్చాక నాన్న విల్లు అటకెక్కింది, ఆ తర్వాత నాన్నా నాయనమ్మా ఒకరి తర్వాత ఒకరు పోయారు. టీచరుగారు ఇప్పుడు మంగళగిరిలో సుహాసిని దగ్గరుంటారు. కొండ ఎక్కలేకపోయినా కింద వీధుల్లో రోజూ నడుస్తారట. అమ్మ నా దగ్గరే ఉంది. ఇద్దరూ ఫోనులో మాట్లాడుకుంటే ఒకరి మాట ఒకరికి వినపడక పెద్దగా అరుచుకుంటారు. పోట్లాడుకుంటున్నారేమోనని మా పక్కింటివాళ్ళు తొంగి చూస్తారు.

పోయిన ఏడాది ఒక పెళ్ళికి అమ్మతో కలిసి మా ఊరెళ్ళాను. బస్టాండులో ఆటో ఎక్కి మా పాత ఇల్లు చెప్పబోతే, ఆటో అతను, "చేపల సందులోకా అమ్మా?" అన్నాడు. ఆ పేరు మేం వినలేదు. అతను తిన్నగా తీసుకుపోయి మా గుంట ఉన్న చోటే దింపాడు. రెండు వైపులా డాబాలు, మధ్య సిమెంటు రోడ్డు, రోడ్డు మీద ముగ్గులు, ముగ్గుల మీద సైకిళ్ళు. ఎక్కడా ఒక నీటి చుక్క లేదు. గుమ్మంలో బియ్యం ఏరుతున్న ఒక కొత్త కోడలు మమ్మల్ని కూర్చోబెట్టి మంచినీళ్ళిచ్చింది. చేపల సందని పేరెందుకొచ్చిందమ్మా అని అడిగాను.

"ఏమో నాక్కూడా తెలవదండీ. పూర్వం ఈడ చేపలమ్మేవాళ్ళంట."

అమ్మ నీళ్ళ గ్లాసు దించి, బోసినోటితో నవ్వింది.

"అమ్మినట్టు నాకు గుర్తు లేదు తల్లీ," అంది. "తిన్నట్టు మాత్రం బాగా గుర్తుంది."